మాటల్లేని వేషం

పక్కింటి ఆంటీ పోయి ఐదు వారాలైంది. ఈ ఐదు వారాల్లో నా మనసులో ఉన్న సంగతి దేవుడికి తప్ప ఎవరికీ చెప్పలేదు. రోజూ దీపం పెట్టి చెప్పుకుంటున్నాను. ఆయన వింటున్నాడు, అంతే. మనసు తేలిక పడకపోగా విసుగు పెరుగుతోంది, ఆంటీ మీదా, నా మీదా. అందుకే ఇవాళ మా అమ్మాయి కాలేజీకి పోతూ వదిలేసిన నోటుపుస్తకం తీసుకుని వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాను. నాకు రాయడం అలవాటు లేదు. ఇంటర్‌తో చదువు ఆగిపోయింది. ఇది చదివేవారు ఎవరైనా, తప్పులుంటే సర్దుకుని చదవండి.

ఆ గురువారం పొద్దున నేను పూజలో ఉండగా ఫోన్ మోగింది. పూజలో ఫోన్ తియ్యను. మూడోసారి కూడా మోగితే లేచాను. ఆంటీ కూతురు, డాలస్ నుంచి. "మమ్ పోయింది" అంది. పార్లర్‌లో జుట్టు సెట్ చేయించుకుంటూ కుర్చీలోనే తల వాల్చేశారట. ముందు నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. శనివారం కూతురు వస్తోందని జుట్టు చేయించుకోవడానికి వెళ్ళారన్నమాట. ఎప్పుడూ నా కారులోనే వెళ్ళే మనిషి, ఆ రోజు టాక్సీ పిలిపించుకున్నారు. నాకు చెబితే వద్దంటానని తెలుసు.

ఆంటీది ఇంగ్లండ్, అక్కడ టీవీ నటి. రెండో పెళ్ళి చేసుకున్నాయన అమెరికా మనిషి, ఆయనతో ఈ బెంటన్‌విల్‌కి వచ్చారు. మేము పక్కింట్లో దిగేసరికే ఆయన పోయి రెండేళ్ళు. మొదటిసారి మెయిల్‌బాక్స్ దగ్గర కనిపిస్తే నేను హలో అన్నాను. ఆవిడ చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నారు.

"మళ్ళీ చెప్పు. హాల్లో చివరి వరస వాళ్ళకి వినపడలేదు."

మళ్ళీ చెప్పాను. ఇంకోసారి చెప్పమన్నారు. మూడోసారికి ఎదురింటి కుక్క మొరిగింది. "ఇప్పుడు సరిపోయింది" అన్నారు.

పేరు పెట్టి పిలవమంటే నా వల్ల కాలేదు. పెద్దవాళ్ళని మేం అలా పిలవమని, ఆంటీ అంటామని చెప్పాను. కాసేపు ఆలోచించి, "ఈ వేషం ఇంతవరకూ ఎవరూ ఇవ్వలేదు, వేస్తాను" అన్నారు. తొమ్మిదేళ్ళు వేశారు. బాగా వేశారు.

పదహారేళ్ళకే సముద్రం ఒడ్డున ఏదో ఊళ్ళో నాటకాల కంపెనీలో చేరారట. మొదటి రెండేళ్ళూ పనిమనిషి వేషమే. ట్రే పట్టుకుని రావడం, బల్ల మీద పెట్టడం, వెళ్ళిపోవడం. ఒక్క మాట ఉండేది కాదు. "అదే అన్నిటికంటే కష్టం. ఇంట్లో ఏం జరుగుతోందో పనిమనిషికి అంతా తెలుసు. మొహంలో మాత్రం ఏమీ కనపడకూడదు" అనేవారు. తరవాత టీవీకి వెళ్ళి, ఆసుపత్రి కథ ఒకదానిలో పెద్ద నర్సుగా పదకొండేళ్ళు చేశారు. ఎంత పేరంటే, బస్సులో జనం చొక్కా పైకెత్తి ఒంటి మీది మచ్చలు చూపించి మందడిగేవారట. "నేనేమో చూసి, తడి తగలనివ్వకండి అనేదాన్ని. ఎవరూ చావలేదు" అని నవ్వేవారు.

వయసు పైబడ్డాక అన్నీ జబ్బు ముసలమ్మ వేషాలే వచ్చాయి. ఆరేళ్ళు మంచం మీద పడుకునే నటించారు. "ఒక్కసారి నిన్ను మంచం మీద చూశారంటే, ఇంక లేపి నిలబెట్టాలని ఎవరికీ తోచదు" అన్నారు ఒకసారి. ఆ మాట అన్నప్పుడు మాత్రం నవ్వలేదు. అప్పుడే మానేసి పెళ్ళి చేసుకుని ఇటు వచ్చేశారు.

ఆమె పోయాక ఇంగ్లండ్ పత్రికలో వచ్చిన వార్త మా అమ్మాయి ఫోన్‌లో చూపించింది. నర్సు వేషం గురించి తప్ప ఇంకేమీ లేదు. నాటకాల గురించి ఒక్క ముక్క రాయలేదు. చివర్లో ఏమీ దాపరికం లేని మనిషి అని రాశారు. ఆ మాట దగ్గర ఫోన్ తిరిగి ఇచ్చేశాను.

బుధవారం మధ్యాహ్నాలు నేను వాళ్ళింటికి వెళ్ళేదాన్ని. ఇంగ్లీషు నేర్పుతానని పిలిచి తన పాత సీరియళ్ళు పెట్టేవారు. ఒకరోజు ఒక భాగంలో, ఒకావిడ తన జబ్బు మొగుడికి తెలియకుండా దాస్తోంది. ఆ వేషం ఆంటీదే. బొమ్మ ఆపి నాకు పాఠం చెప్పారు.

"దగ్గడం, మూలగడం పని రానివాళ్ళు చేస్తారు. జబ్బు మనిషి జబ్బు చూపించదు, దాస్తుంది. ఆ దాచడం నటించాలి. కుర్చీ పట్టుకుంటుంది, కానీ కుర్చీ బాగుందే అని చూస్తున్నట్టు పట్టుకుంటుంది. మెట్ల మధ్యలో ఆయాసానికి ఆగుతుంది, కానీ గోడ మీది ఫోటో సర్దుతున్నట్టు ఆగుతుంది. అర్థమైందా డార్లింగ్?"

అర్థమైంది. అర్థం కాకపోయినా బాగుండేది.

ఎందుకంటే కిందటేడు ఆకులు రాలే రోజుల్లో ఆంటీ మెయిల్‌బాక్స్ దాకా నడుస్తూ మా మేపుల్ చెట్టు దగ్గర ఆగి, "రంగులు ఎంత బాగున్నాయో" అనేవారు. రోజూ అక్కడే ఆగేవారు. డిసెంబరు వచ్చి చెట్టు మోడైంది. ఆంటీ అక్కడే ఆగి, తలెత్తి చూసి, "కొమ్మలు ఎంత బాగున్నాయో" అన్నారు. నాకు గోడ మీది ఫోటో పాఠం గుర్తొచ్చింది.

వారం రోజులు బతిమాలితే డాక్టర్ దగ్గరికి వచ్చారు. నేనే డ్రైవ్ చేశాను, గదిలో పక్కనే కూర్చున్నాను. గుండె కవాటం ఒకటి పాడైందని, ఆపరేషన్ చేయించుకుంటే ఇంకొన్నేళ్ళు ఉండవచ్చని, లేకపోతే చెప్పలేమని డాక్టరమ్మ నిదానంగా చెప్పింది. ఆంటీ ఆమెకి థాంక్స్ చెప్పి, మీ చెవి పోగులు బాగున్నాయన్నారు.

తిరిగి వస్తూ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అన్నాను. "మీ అమ్మాయికి ఫోన్ చెయ్యండి ఆంటీ."

"చేస్తే ఉద్యోగం మానుకుని పరిగెత్తుకొస్తుంది. నన్ను కోయించి, డాలస్ తీసుకెళ్ళి మంచం మీద పడుకోబెడుతుంది. ఆ వేషం ఆరేళ్ళు వేశాను, జీతానికి. ఊరికే వెయ్యను."

"ఆవిడ అడిగితే నేను అబద్ధం చెప్పలేను."

"నిన్నెవరు చెప్పమన్నారు? నీకు లైన్స్ లేవు, ఒక్క మాట లేదు. ట్రే పట్టుకుని రా, బల్ల మీద పెట్టు, వెళ్ళిపో."

"ఇది నాటకం కాదు ఆంటీ!"

గట్టిగానే అన్నాను. వెనక కారతను హారన్ కొట్టాడు. ఆంటీ నా వైపు తిరిగి, "చివరి వరసకి వినపడింది. లైట్ మారింది, పోనియ్యి" అన్నారు.

ఇంటికొచ్చి మా ఆయనతో చెప్పాను. "ఇక్కడ ఒకళ్ళ హెల్త్ సంగతి ఇంకొకళ్ళు చెప్పకూడదే. ప్రైవసీ" అన్నారు. నాలుగు రోజులు అదే మాట ఎత్తితే చెంచా కింద పెట్టేశారు. "చెప్తే చెప్పు, మానేస్తే మానెయ్. రోజూ నా కంచంలో వడ్డించకు ఈ గోల. ఒకటి మాత్రం ఆలోచించు. ఆవిడ నమ్మింది నిన్నొక్కదాన్నే. చెప్పావంటే రేపట్నుంచి నిన్ను కూడా గుమ్మం తొక్కనివ్వదు. అప్పుడు ఎవరు చూస్తారు?"

ఆ మాట నిజమే. అందుకే ఇంకా ఒళ్ళు మండింది.

రెండుసార్లు ఆంటీ కూతురికి ఫోన్ కలిపి, మోగకముందే కట్ చేశాను. మూడోసారి మోగింది. భయమేసి పెట్టేశాను. వెంటనే ఆవిడే చేసింది. "మిస్డ్ కాల్ చూశాను, అంతా ఓకేనా? మమ్ ఓకేనా?"

"పొరపాటున చెయ్యి తగిలింది" అన్నాను.

నాకు లైన్స్ లేవని ఆంటీ అన్నారు. ఇది నేను నోటితో చెప్పిన అబద్ధం. ఆ సాయంత్రం దీపం పెట్టడానికి చెయ్యి రాలేదు.

నా పూజ చూడ్డానికి ఆంటీ అప్పుడప్పుడు వచ్చేవారు. చెప్పులు బయట విడిచి, గోడకి ఆనుకుని కదలకుండా కూర్చునేవారు. "ఇది రోజూ చేస్తావా, ప్రేక్షకులు లేకుండా?" అని అడిగారు మొదటిసారి. దేవుడున్నాడుగా అన్నాను. "ఒక్కడే ప్రేక్షకుడు, ఆయన కూడా చప్పట్లు కొట్టడు. నా వల్ల అయ్యేది కాదు" అన్నారు. చలికాలం ముదిరాక గోడకి ఆనుకున్న మనిషి లేవడానికి నా చెయ్యి అడగడం మొదలుపెట్టారు. అడుగుతూ, "నీ గాజులు చూడనీ" అనేవారు.

ఆఖరిసారి కూతురు ఒక ఆదివారం వచ్చింది. నా వయసుదే, మంచి మనిషి, వచ్చినప్పుడల్లా నాకు పూల కుండీ తెచ్చేది. పొద్దుటి నుంచి ఆంటీ మంచం దిగలేదు. పదకొండు గంటలకి లేచి లిప్‌స్టిక్ వేసుకుని, చెంపలకి రంగు అద్దుకుని, కారు చప్పుడు వినపడేసరికి గుమ్మంలో నిలబడ్డారు. భోజనాల దగ్గర బస్సులో మచ్చలు చూపించినవాళ్ళ కథ చెప్పి కూతుర్ని నవ్వించారు. నేను టీ తీసుకెళ్ళాను.

"మమ్‌ని చూడండి, నాకంటే ఎనర్జీ ఉంది! అంతా మీ చేతి వంట మహిమ. నిజం చెప్పండి, ఏం పెడుతున్నారు?"

తల్లీ కూతుళ్ళిద్దరూ నా వైపే చూస్తున్నారు. కూతురి మొహం నిండా నవ్వు. ఆంటీ కళ్ళు మాత్రం నా చేతుల మీద ఉన్నాయి. ట్రే బల్ల మీద పెట్టి వంటింట్లోకి వెళ్ళి, అంట్లు లేకపోయినా కుళాయి తిప్పుకుని నిలబడ్డాను. ఎంత మెత్తగా ఉంటానని అందరూ నన్ను మెచ్చుకుంటారు. ఆ మెత్తదనం మీద ఆ రోజు పుట్టినంత అసహ్యం ఎప్పుడూ పుట్టలేదు. ఇంకో పదకొండు రోజులకి ఆంటీ లేరు.

పోయిన వారం కూతురు ఇల్లు ఖాళీ చేయడానికి వచ్చింది. క్లినిక్ కాగితాలు ఆంటీ ఏనాడో చింపేశారు, ఆమెకి ఏమీ దొరకలేదు. పెట్టెల మధ్య కింద కూర్చుని నన్ను అడిగింది.

"ఒక్కటి అడగనా? మమ్‌కి ముందే ఏమైనా తెలుసా? మీతో ఏమైనా అందా?"

ఈసారి చెప్పేద్దామని ఊపిరి తీసుకున్నాను. నిజంగా తీసుకున్నాను. నా నోరు తెరుచుకునేలోపే ఆమె తల అడ్డంగా ఊపింది.

"లేదులెండి. తెలిసుంటే నాకు చెప్పేది. దాచినా నేను పట్టేసేదాన్ని. ఆ ఆదివారం కారు మలుపు తిరిగేదాకా అద్దంలో చూస్తూనే ఉన్నాను. ఎంత నిటారుగా నిలబడి చెయ్యి ఊపిందో! అంత బాగున్న మనిషి ఒక్క క్షణంలో, ఏమీ తెలియకుండా వెళ్ళిపోయింది. నాకు మిగిలింది ఆ ఒక్క ఓదార్పు."

అని నన్ను పట్టుకుని ఏడ్చింది. నేను ఆమె వీపు నిమిరాను. అదొక్కటీ ఆమె చేతిలోంచి లాక్కోవడానికి నాకు ఏం హక్కుందో తెలియలేదు. హక్కున్న రోజుల్లో ఊరుకున్నాను. ఇప్పుడు చెబితే నా బరువు దిగుతుంది, అది పోయి ఆమె నెత్తిన కూర్చుంటుంది. తీసుకున్న ఊపిరి అలాగే వదిలేశాను.

ఆ ఆదివారం కారు మలుపు తిరిగాక జరిగింది ఆమె చూడలేదు. నేను ఆంటీ వెనకే తలుపు చాటున ఉన్నాను. ఊపుతున్న చెయ్యి దించకుండానే రెండో చెయ్యి వెనక్కి చాచి నా భుజం వెతుక్కున్నారు. ఒంటి బరువంతా నా మీదికి వచ్చేసింది. మెట్టు మీద కూర్చోబెట్టాను. ఆయాసం కాస్త తగ్గాక అడిగారు.

"వెళ్ళిపోయిందా?"

"వెళ్ళిపోయింది ఆంటీ."

"బాగా చేశానా?"

తిట్టాలనిపించింది. నెత్తి మీద జుట్టంతా చెమటకి అంటుకుపోయి ఉంది. పైట చెంగుతో తుడిచి, "బాగా చేశారు" అన్నాను.

ఈ కాగితాలు చింపకండి, దాచి ఉంచండి. ఆంటీ ఎలా నిలబడ్డారో తెలిసినవాళ్ళు నా తరవాత కూడా ఎవరో ఒకరు ఉండాలి. కానీ ఆమె కూతురికి మాత్రం చూపించకండి. తెలుగు రాదు కదా అనుకోవద్దు, ఇప్పుడు ఫోన్ పెడితే ఏ భాషైనా చదివేస్తుంది. ఆమె కారు అద్దంలో వాళ్ళమ్మ ఇంకా నిటారుగా నిలబడి చెయ్యి ఊపుతూనే ఉంది. ఉండనివ్వండి.