పిడకల చాటు గోడ

మా మేనత్త మొన్న శుక్రవారం పొద్దున పోయింది. చేతికంటిన పేడ ఆరకముందే పోయిందని కబురు తెచ్చిన మనిషి చెప్పాడు. కంపెనీ కచేరీ మకాం ఆ వారం చిన్నమనూరులో ఉంది. నేను అక్కడ రాయసం రాస్తున్నాను. కబురు వినగానే ఏడుపు రావాలి. నాకు ముందు భయం వచ్చింది. ఆమె చితికి పిడకలు కావాలి. వాటిని మా వీధి గోడ మీంచే తీస్తారు. ఆ గోడ సంగతి చెబితే గాని నా భయం మీకు తెలియదు.

అరవనాట మా ఊళ్లో తెలుగు వీధి మొదట్లో చావడి ఉంది. దాని గోడ నిండా కాల్చిన మట్టిపలకలు పొదిగి ఉంటాయి. ఏ ఇంట్లో గుర్తుంచుకోవలసినది జరిగినా ఆ ఇంటి ఆడవాళ్లు తడిమట్టి మీద బొమ్మ తీర్చేవారు. కుమ్మరి తన పెంకులతో పాటు దాన్నీ కాల్చి ఇచ్చేవాడు. ఉత్తరాన్నుంచి పారిపోయి వచ్చిన మా పెద్దలకు ఏటి మీద వంగి దారి ఇచ్చిన కానుగచెట్టు అందులో ఉంది. మొదటి బావి తవ్విన ముగ్గురన్నదమ్ములున్నారు. కరువులో వీధికంతా గంజి పోసిన అవ్వ ఉంది. చివరి వరుసలో ఈటెలు పట్టుకుని నిలబడ్డవాళ్లలో ఒకడు మా నాయన. పాళెగాడి తరఫున కంపెనీ మీద పోరుకు వెళ్లాడు, తిరిగి రాలేదు. శవమూ రాలేదు. నేనప్పుడు ఉయ్యాలలో ఉన్నాను. తమ్ముడి మొహం మరిచిపోతానేమోనని అత్త ఆ పలక చేసింది.

తర్వాత కంపెనీవారు కోటలు పడగొట్టించారు. ఆయుధం దాచినవాడికి ఉరి అని దండోరా వేయించారు. ఇళ్లలోని ఈటెలన్నీ మావాళ్లు అప్పజెప్పారు గాని, గోడ మీది ఈటెలను ఎలా అప్పజెప్పడం? పోరుకు పోయినవాళ్లెవరో మనమే చూపించినట్టుందని వీధి పెద్దలు గడ్డపారలు తెచ్చారట. అత్త పేడగంప తెచ్చి గోడకు అడ్డంగా కూర్చుందట.

"సుమ్మా ఉండండి, గోడ జోలికి రావద్దు. దీని మీద నేను పిడకలు కొడతాను. కంపెనీవాడు ముక్కు మూసుకుంటాడు గాని తేరిపార చూడడు."

ఆనాటినుంచి కొడుతూనే ఉంది. వీధిలో ఆడవాళ్లంతా చెయ్యి కలిపేవారు గాని, నాయన పలక మీద మాత్రం ఆమె చెయ్యే పడాలి. కొట్టేముందు "ఓర్చుకోరా" అని గొణిగేది. ఎవరైనా తొందరపడి పచ్చిదాన్ని పీకితే కసిరేది. "ఎండితే తీసుకోండి. పచ్చిది ముట్టగూడదు." ఆమె వంటలో ఉప్పెక్కువ, నోట్లో మాటెక్కువ. నాకు తెలుగు అక్షరాలు రావాలని మదురై నుంచి ఒక అయ్యవారిని పిలిపించి, ఆయన పాఠం చెబుతున్నంతసేపూ గుమ్మంలో కూర్చుని నన్ను కదలనిచ్చేది కాదు. ఇది రాయగలుగుతున్నానంటే ఆమె చలవే.

కచేరీలో పని దొరికిన రోజున నాకొక పాడుబుద్ధి పుట్టింది. నాయన మొహం ఒక్కసారి చూసి వెళదామని పిడకలు నాలుగు ఊడదీశాను. మొహం కనబడింది. అచ్చం నా మొహమే. అంతలో నన్ను తీసుకెళ్లడానికి కచేరీ బంట్రోతు వీధిలోకి వచ్చాడు. అత్త నన్ను మోచేత్తో పక్కకు నెట్టి, గంపలోంచి ముద్ద తీసి నాయన మొహాన కొట్టింది.

"ఎన్నమ్మా ఇదు?" అని బంట్రోతు గోడ వైపు చూపిస్తూ అరవంలో అడిగాడు.

"వరట్టి సామీ, పొయ్యిలోకి" అని పిడక చూపించింది. అతను ముక్కు మూసుకున్నాడు. అతను ముందు నడుస్తుంటే నా చెవిలో తన అరవం కలిసిన తెలుగులో అంది: "పయం పడితే పడు నాయనా. ఆనా మొహంలో చూపించవద్దు."

ఇరవై ఏళ్లు ఆ మాటే పట్టుకుని బతికాను. తండ్రి ఎలా పోయాడని కచేరీలో అడిగితే జ్వరంతో అని చెప్పాను. ఆ సంగతి అత్తకు చెప్పలేదు.

శుక్రవారం నాతోపాటు మా కచేరీ దఫేదారు కూడా బయలుదేరాడు. మంచి మనిషి, పరామర్శకు వస్తానన్నాడు. వద్దనడానికి నాకు నోరు రాలేదు. దారి పొడుగునా గోడ గురించే ఆలోచించాను, అత్త గురించి కాదు. అందుకిప్పుడు సిగ్గుపడుతున్నాను.

మేం వెళ్లేసరికి పాడె లేవబోతోంది. పిడకలన్నీ బండికెక్కాయి. కానుగచెట్టు, బావి, అవ్వ, ఈటెల వరుస, అన్నీ ఎండలో ఎర్రగా బయటపడ్డాయి. ఒక్క పిడక మాత్రం గోడకు మిగిలి ఉంది. ఆ పొద్దున ఆమె కొట్టిన చివరిది. పచ్చిది మండదు, పైగా ఆమె ముట్టనిచ్చేది కాదు గదా అని వీధివాళ్లు వదిలేశారు. అది నాయన మొహం మీద ఉంది. దాని కింద ఈటె, రెండు కాళ్లు కనిపిస్తున్నాయి.

దఫేదారు చాలాసేపు చూశాడు. ఈటె మీద వేలు పెట్టి, "ఇదు యారు?" అన్నాడు.

వీధి అంతా నా వైపు చూసింది.

"మా నాయన" అన్నాను. "పోరులో పోయాడు."

ఆయన తలపాగా తీసి చంకలో పెట్టుకుని పాడె వెంట నడిచాడు. అది దయో, మరొకటో నాకింకా తెలియదు. ఇది రాస్తుంటే కూడా బయట చెప్పుల చప్పుడైతే చెయ్యి ఆగిపోతోంది. గోడకు మళ్లీ పేడ కొట్టమంటావా అని వీధి ఆడవాళ్లు రోజూ అడుగుతున్నారు.

ఈ పొద్దున వెళ్లి చూశాను. ఆ పిడక ఎండిపోయింది, అంచులు లేస్తున్నాయి. ఆమె మాట ప్రకారం ఇక తీయవచ్చు. తీద్దామనే చెయ్యి ఆనించాను. ఆమె వేళ్ల గుంటల్లో నా వేళ్లు పట్టలేదు. అంత చిన్న చెయ్యి ఆమెది.