మిగిలిపోయిన ఆది జాకెట్టు

మొన్న నాగర్‌కర్నూల్ నుంచి కొల్లాపూర్ వచ్చే బస్సులో నా పక్క సీటు పెద్దమనిషి ఫోనులో ఏదో పాత సినిమా చూస్తుంటే, చూడకూడదనుకుంటూనే ఓ కన్ను అటు వేశాను. మామిడి తోటలో వానకు తడుస్తూ పరుగెత్తుతున్న అమ్మాయి జాకెట్టుకు ఆకుపచ్చ పైపింగు కనిపించగానే అది నా చేతి పనేనని తెలిసిపోయింది. మనుషుల్ని ముఖం చూసి పోల్చుకోవడం నాకు అంతగా రాదు, కుట్టు చూసి మాత్రం ఇట్టే పోల్చుకుంటాను.

అప్పట్లో కొల్లాపూర్‌లో మా అన్నదీ నాదీ లేడీస్ టైలరు దుకాణం. మన కాలం వాళ్లకు చెప్పనక్కర్లేదు, ఆడవాళ్ల ఒంటికి మేము టేపు తగిలించే మాటే లేదు. సరిపోయిన పాత జాకెట్టొకటి ఆదిగా పంపిస్తే, దాన్ని పరిచి కొలుచుకొని కొత్తది కుట్టేవాళ్లం. నమ్మకం కుదిరినవాళ్లు ఆ ఆదిని మా దగ్గరే వదిలేసేవారు, మేము పేరు రాసిన చీటీ కుట్టి పెట్టెలో దాచేవాళ్లం. పెట్టె నిండుగా ఉంటే దుకాణం బాగున్నట్టు.

ఒక ఎండాకాలం చిన్న సినిమా కంపెనీ ఒకటి వచ్చి, హంతకుణ్ని పట్టుకునే కథ అని చెప్పి, తోటల్లో షూటింగు పెట్టింది. వాళ్లకున్నదల్లా ఒక కెమెరా, ఒక జీపు. వాన కావాలంటే బావి మోటారు పైపే దిక్కు. హీరోయినుకు తెచ్చిన బట్టలు సరిపోక మా దగ్గరికి వచ్చారు. ఆ అమ్మాయి దగ్గర ఆది లేదు. ఇంటికి తీసుకుపోతే మా భాభీ, అంటే అన్న భార్య, లోపలి గదిలో కొలతలు తీసి, జొన్నరొట్టె పెట్టింది. ఆ పిల్ల తిని అక్కడే చాప మీద నిద్రపోయింది పాపం. కుట్టినందుకు నేను అడిగిందల్లా తెర మీద మా దుకాణం పేరు. వెళ్లేరోజు ఆమె ఒక జాకెట్టు మాకే వదిలి, ఇదే ఆది, మళ్లీ వస్తానంది.

సినిమా వచ్చింది. మా పేరు ఇంతింత అక్షరాలతో పడితే హాల్లో ఈలలు. ఆ తర్వాత ఆ అమ్మాయి జాకెట్టు విప్పించి చూపించినవి ఏమిటో మీరు ఊహించుకోగలరు. హంతకుడు జాకెట్టు లాగితే ఊడిన హుక్కే ఆధారమై దొరికిపోతాడట. నేను కుట్టిన హుక్కు అట్లా ఊడదు, నాకు ఇప్పటికీ అదే మంట. అన్న తల దించుకొని ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. మర్నాటి నుంచి ఆడవాళ్లు వరుసగా వచ్చి తమ ఆదులు అడిగి తీసుకుపోయారు. వారం తిరక్కుండా పెట్టె అడుగు కనిపించింది. మాకు వేరే బతుకుదెరువు లేదు.

ఎన్నడూ దుకాణం గడప తొక్కని భాభీ ఆ వారమే బురఖా వేసుకొని వచ్చి, ముందర స్టూలు మీద కూర్చొని హుక్కులు కుట్టడం మొదలుపెట్టింది. ఆదికోసం వచ్చిన ఒకామెతో బజారంతా వినేటట్టు అన్నది:

"ఆ పిల్ల కొలతలు తీసింది నేను. మా మరిది జాకెట్టు కుట్టిండు గానీ, ఇప్పిండా ఏంది?"

ఆమె ఫక్కున నవ్వి ఆది అక్కడే వదిలేసింది. మెల్లమెల్లగా మిగతావాళ్లూ తెచ్చిచ్చారు.

ఇప్పుడందరివీ రెడీమేడ్ బట్టలే. దుకాణం మూసిననాడు ఎవరి ఆది వాళ్లింటికి చేర్చాను, ఒక్కటి తప్ప. పరువు పోయిందని మేము ఏడ్చామే గాని, ఆ అమ్మాయి ఏమైందని ఆనాడు మాలో ఒక్కరమూ అడగలేదు. అది తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. బస్సులో ఆ పెద్దమనిషిని ఆమె పేరేమిటని అడిగితే తెల్వదన్నాడు. ఇంటికొచ్చి పెట్టె తీసి చూశాను. చీటీ మీద నా చేతిరాతతో ‘సినిమా అమ్మాయి’ అని మాత్రమే ఉంది.