మందులు దంచిన మేనత్త

మా మేనత్త పోయిందన్న కబురు నాకు బడిలో అందింది. ఏడో తరగతికి లెక్కలు చెబుతున్నాను. మా తమ్ముడు గుమ్మంలో కనిపించాడు. నేను "ఎప్పుడొచ్చావురా?" అనేలోపే, "అత్త పోయిందక్కా. పొద్దున్న లేపితే లేవలేదు" అన్నాడు. హెడ్మాస్టరు గారు "మీరు బయల్దేరండమ్మా, క్లాసు నేను చూసుకుంటాను" అన్నారు. రాజోలు వైపు నుంచి కొత్తపేట పక్కనున్న మా ఊరు వెళ్ళాలంటే రేవు దాటాలి, బస్సులు మారాలి. దారిలో నేను ఏడవలేదు. ఏడుపు తరవాత వచ్చింది.

ఆమె పేపర్లో ఫొటో పడే మనిషి కాదు. వేలిముద్ర వేసే మనిషి. అయినా నా ఒంటితో నేను గొడవ మానుకున్నానంటే అది ఆమె వల్లే. అందుకే ఆమె గురించి మీకు చెప్పాలనిపించింది.

పలివెలకి దగ్గర్లో ఉన్న మా ఊళ్ళో ఆయుర్వేద వైద్యులు ఒకాయన ఉండేవారు. వీధరుగు మీద కూర్చుని రోగుల్ని చూసేవారు. అరుగు పక్కనే దొడ్లో తాటాకు పాక. ఆ పాకలో మా అత్త నలభై ఏళ్ళు మందులు దంచింది. శొంఠి, కరక్కాయలు, పిప్పళ్ళు, పేరు తెలియని ఎండు వేళ్ళు. దంచడం, గుడ్డలో జల్లించడం, మిగిలిన పిప్పిని మళ్ళీ దంచడం. అరుగుకీ పాకకీ మధ్య ఒక్క తడికే అడ్డం. వైద్యులు గారు అడిగేవీ, వచ్చినవాళ్ళు చెప్పుకునేవీ రోకటి పోటుకీ పోటుకీ మధ్య ఆమె చెవిన పడేవి.

మా పేట వాళ్ళు ఆ అరుగు ఎక్కేది లేదు. మాకు జబ్బు చేస్తే దొడ్లో నిలబడేవాళ్ళం. ఆయన పైనుంచే నాలుక చూపించమని, నాలుగు ప్రశ్నలడిగి మందిచ్చేవారు. మంచి మందే ఇచ్చేవారు. చెయ్యి పట్టుకుని నాడి చూడడం మాత్రం ఉండేది కాదు.

అత్తది భారీ విగ్రహం. నెమ్మదిగా లేచేది, నెమ్మదిగా తినేది, ఒకసారి విన్నమాట పదేళ్ళయినా మర్చిపోయేది కాదు. నేను పూర్తిగా వేరు. పదో తరగతికొచ్చేసరికి ఈనెపుల్లలా ఉండేదాన్ని. కూర్చుని లేస్తే మోకాళ్ళు చిటుక్కుమనేవి. చేతులు పొడిబారి గీస్తే తెల్లటి చారలు పడేవి. ఒక్కచోట నిలవలేను, కంటినిండా నిద్రపోలేను. బళ్ళో ఆడపిల్లలు "గాలొస్తోంది, దాన్ని పట్టుకోండే" అని నవ్వేవారు. చుట్టాలొస్తే మా అమ్మ "బాగానే తింటుందండీ, ఒంటికి పట్టదంతే" అని సంజాయిషీ చెప్పుకునేది. ఆ నవ్వుల కంటే ఈ సంజాయిషీయే నాకు ఎక్కువ గుచ్చుకునేది.

ఆ ఏడు పరీక్షల ముందు బళ్ళో గ్రూపు ఫొటో తీస్తామన్నారు. ఫొటో నాటికి నాకు బుగ్గలు రావాలనుకున్నాను. సైకిలు మీద ఊళ్ళు తిరుగుతూ సూదిమందులు వేసే మనిషి దగ్గర ఒళ్ళొచ్చే మాత్రలున్నాయని ఒక స్నేహితురాలు చెప్పింది. ఇంట్లో తెలియకుండా మింగడం మొదలుపెట్టాను. నెల తిరిగేసరికి నిజంగానే ముఖం గుండ్రంగా అయింది. "ఎంత కళొచ్చిందే నీకు!" అన్నారు అందరూ. మా అమ్మ మొహం వెలిగిపోయింది. ఫొటోలో నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. ఫొటో అయిపోయింది కానీ నేను మాత్రలు మానలేదు. మెట్లెక్కితే ఆయాసం వస్తున్నా మానలేదు.

మెచ్చుకోనిది మా అత్త ఒక్కతే. ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి మెట్ల మీద కూర్చోబెట్టి "కాలు చాపు" అంది. మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో గట్టిగా నొక్కి తీసింది. గుంట పడింది. ఎంతసేపు చూసినా పూడలేదు.

"ఇది ఒళ్ళు కాదే, నీరు" అంది. "ఏం మింగుతున్నావు?"

"ఏం లేదత్తా."

"నేను తిట్టను. మీ నాన్నకీ చెప్పను. నాకు చెప్పు."

చెప్పాను. ఇంట్లో మిగిలిన మాత్రలు తెప్పించి, నన్ను అట్నుంచి అటే వైద్యులు గారి ఇంటికి లాక్కుపోయింది. ఎప్పటిలా దొడ్లో ఆగలేదు. అరుగు మెట్టు దగ్గరికెళ్ళి నిలబడింది.

"మా తమ్ముడి కూతురండి అయ్యగారూ. ఇది మొహం చూసి చెప్పేది కాదండి. చెయ్యి చూడాలండి."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. చాలాసేపు తుడిచారు. అత్త కదల్లేదు. చివరికి "పిల్లని పైకి రమ్మను" అన్నారు. నా ముంజేయి పట్టుకుని కళ్ళు మూసుకున్నారు. తరవాత మాత్రలు అరచేతిలో వేసుకుని చూసి, "ఇది నా చేతిలో లేదు. ఇప్పుడే అమలాపురం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళు. ఈ మాత్రలు అక్కడి డాక్టరుకి చూపించు" అన్నారు.

"ఆయ్, అలాగేనండి" అంది అత్త.

ఆసుపత్రిలో ఇరవై రోజులకు పైనే ఉన్నాను. ఆ మాత్రలు ఒక్కసారిగా మానేసినా ప్రమాదమేనని డాక్టరమ్మగారు కొద్దికొద్దిగా తగ్గిస్తూ మాన్పించారు. ఈలోగా పరీక్షలు వచ్చి వెళ్ళిపోయాయి. పనికి నాగా పెట్టి మా అత్త నా మంచం పక్కనే చాప వేసుకుని ఉండిపోయింది. నీరు లాగేశాక ఒకరోజు అద్దం అడిగాను. పక్క మంచం వాళ్ళనడిగి తెచ్చిచ్చింది. పాత ఎముకలు, పాత దవడలు. అద్దం పక్కన పడేసి ఏడ్చాను.

"ఎందుకే ఏడుస్తావు?" అంది. "నువ్వు తిరిగొచ్చేవు."

సెప్టెంబరులో మళ్ళీ పరీక్ష రాయాలి. అందాకా నన్ను తన దగ్గరే ఉంచుకుంది. పుస్తకాలు తీసుకుని ఆమెతోపాటు పాకకి వెళ్ళేదాన్ని. ఆమె దంచుతుంటే నేను చదివేదాన్ని. చదువు కంటే తడిక అవతలి మాటలే ఎక్కువ వినబడేవి.

తడిక సందుల్లోంచి మనుషులు చెప్పులు విడిచే తీరు చూసి అత్త వాళ్ళ తత్వం చెప్పేది. ఒకటి ఇక్కడా ఒకటి అక్కడా విసిరేసి గబగబా మెట్లెక్కితే "వాతం" అని గొణిగేది. మళ్ళీ వేసుకోవడానికి వీలుగా వీధి వైపు తిప్పి జతగా పెడితే "పిత్తం". స్తంభం పట్టుకుని, ఊపిరి తీసుకుని, ఒక్కో కాలూ విడిపిస్తే "మా జాతే, కఫం" అని నవ్వేది. అన్నిసార్లూ కుదిరేది కాదు. ఓసారి పిత్తమని తేల్చిన మనిషి చెప్పులు కొత్తవి కాబట్టి జాగ్రత్త పడ్డాడని తరవాత తెలిసింది. నవ్వాపుకోలేక రోకలి వదిలేసింది.

ఒక ఉదయం కొత్తపేట నుంచి ఒక లావుపాటి ఆవిడ వచ్చి, సన్నబడే మందివ్వమని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ వెనకే ముప్పై ఏళ్ళకే తల నెరిసిన గుమాస్తా ఒకాయన, ఎవరితోనూ పడదనీ, చల్లటి స్వభావం కావాలనీ అడిగాడు. వైద్యులు గారు ఇద్దరికీ ఒకే మాట చెప్పారు. "పుట్టినప్పటి తీరు వేరు, పట్టిన జబ్బు వేరు. జబ్బుకి మందిస్తాను. తీరుకి మందు లేదు, అక్కర్లేదు."

"విన్నావా?" అంది అత్త. "మూడూ అందరిలోనూ ఉంటాయే. ఏది ఎక్కువుంటే అది మన తీరు. నీలో గాలి ఎక్కువ. గాలిని కట్టేస్తే ఊరుకుంటుందా? దానికి వేడన్నం పెట్టు, నూనె రాయి, వేళకి పడుకోబెట్టు. అదే మాట వింటుంది."

"నీకెప్పుడూ సన్నబడాలని లేదా అత్తా?"

కరక్కాయ పొడి గుడ్డలోకి ఎత్తి, ముడి వేసి, అప్పుడు చెప్పింది. పెళ్ళయిన కొత్తలో మా మావయ్య ఆమెని గేదె అనేవాడట. ఆమె అన్నం మానేసి గంజినీళ్ళ మీద దంచిందట. తొమ్మిదో రోజున ఈ పాకలోనే పడిపోయింది.

"అయ్యగారు దొడ్లోకొచ్చి దూరంగా నిలబడి చూసేరు. 'నీది కఫం ఒళ్ళు. ఆ బరువే నీ బలం, దాన్ని చంపుకోకు' అన్నారు. అంతే. ఇన్నేళ్ళలో నా గురించి ఆయన చెప్పింది అదొక్కటే."

"నీ చెయ్యి ఎప్పుడూ చూడలేదా?"

"లేదు."

"కోపం రాలేదా?"

"ఎందుకు రాదే? వచ్చేది. కోపం వచ్చినా వినేదాన్ని. విన్నది నాది కదా." రోకలి మళ్ళీ అందుకుంటూ అంది. "నీ చెయ్యి పట్టుకున్నారు. నేను చూశాను."

వాతపిత్తకఫాల గురించి ఈనాటి డాక్టర్లు ఏమంటారో నాకు తెలియదు. అది తేల్చే చదువు నాది కాదు. నాకు దక్కింది ఒక్కటే. నా చిటుకుమనే మోకాళ్ళకీ, నిలవని కాళ్ళకీ ఒక పేరుందనీ, అది తిట్టు కాదనీ తెలిసింది. అత్త శనివారాలు నా పాదాలకి నువ్వులనూనె మర్దనా చేసేది. ఆ చేతుల బరువు కింద నాకు నిద్ర పట్టేది. సెప్టెంబరులో పాసయ్యాను. ఇప్పటికీ సన్నమే. ఇప్పటికీ పాఠం వేగంగా చెబుతాను. వెనక బెంచీ పిల్లలు "మెల్లగా చెప్పండి టీచరుగారూ" అంటే ఆగి, నీళ్ళు తాగి, మళ్ళీ చెబుతాను.

ఎవరైనా ఇంటికొచ్చి ఒంట్లో బాగాలేదంటే అత్త మందు చెప్పేది కాదు. "మందు అయ్యగారిది. వెళ్ళి చూపించుకోండి" అని పంపేసేది. ఆయన పోయాక ఆసుపత్రికి పంపేది. వెళ్ళినవాళ్ళు వచ్చేదాకా గుమ్మంలో కూర్చునేది.

నేను చేరేసరికి ఆమెని పెట్టెలో ఉంచారు. మామూలు కొలత చాలదని వడ్రంగి వెడల్పు పెంచి మళ్ళీ చేశాడట. పాస్టరు గారి ప్రార్థన అయ్యాక ఆరుగురు ఎత్తారు. కాలవగట్టు మీద సగం దూరం వెళ్ళేసరికి భుజాలు మార్చుకోక తప్పలేదు. పెట్టె దించి ఒగరుస్తూ నిలబడ్డారు. వాళ్ళలో ఒకాయన చెమట తుడుచుకుంటూ "మోయించుకుంటోందండీ పెద్దమ్మ" అన్నాడు. ఎవరో కిసుక్కుమన్నారు. పాస్టరు గారూ నవ్వారు. నేను ఏడుస్తూనే నవ్వాను. ఇంకో ఇద్దరు వచ్చి చేయి వేశారు. ఎనిమిది మంది భుజాల మీద ఆమె మళ్ళీ లేచింది. ఎవరూ తొందరపడలేదు. గట్టు వెంట అడుగు తీసి అడుగు వేస్తూ కదిలారు. పక్కన కాలవలో నీళ్ళు కూడా అంతే నెమ్మదిగా పోతున్నాయి.