పెద్దమ్మ చుక్కల కోసం ఎంచుకున్న బోర్డు

మా పెద్దమ్మకు చూపు లేదు. చీపురుపల్లిలో మా చర్చిలో ఆదివారం బైబిల్ వాక్యం చదివేది మాత్రం ఆమే. కంప్యూటర్‌లోని అక్షరాలను వేళ్ల కింద బ్రెయిల్ చుక్కలుగా లేపే యంత్రం ఒకటి ఆమె దగ్గర ఉండేది. పాత కంప్యూటర్ పాడయ్యాక కొత్తది దాన్ని గుర్తుపట్టలేదు. తయారుచేసిన కంపెనీ అప్పటికే మూతపడింది.

నేను విజయనగరంలో ఇంజనీరింగ్ పాఠాలు చెప్పేదాన్ని. ఆ యంత్రానికీ, కొత్త కంప్యూటర్‌ను నడిపే లినక్స్‌కీ మాట కలిపే యూఎస్‌బీ డ్రైవర్ నేనే రాస్తానన్నాను. రాసినదాంట్లో చిన్న తప్పు దొర్లినా నా ల్యాప్‌టాప్ మొత్తం బిగుసుకుపోయేది. ఒకసారి సగం తయారైన ప్రశ్నపత్రం కూడా పోయింది. ఎన్నిసార్లు పడిపోయినా నష్టం లేని చిన్న కంప్యూటర్ బోర్డు విడిగా కావాలని అప్పుడు అర్థమైంది.

మొదట వేగం చూసి ఒకటి తెప్పించాను. దాని కెర్నెల్ సోర్సు, అంటే లోపలి లినక్స్ అసలు కోడు, అమ్మినవాళ్లు ఇవ్వలేదు. అది లేకుండా నా డ్రైవర్‌ను ఆ బోర్డుకు తగ్గట్టు తయారుచేయలేను. ఎన్ని మెయిళ్లు పెట్టినా జవాబు రాలేదు.

"ఒలే, నీ డబ్బా పన్జెయ్యట్లేదేటి?" అని పెద్దమ్మ అడిగింది.

"తప్పుది కొన్నాను పెద్దమ్మా."

"నాకు తొందర్లేదు. సగంలో మాత్రం వొగ్గీకు."

ఈసారి కొనేముందు చదివాను. రోజూ రైల్లో కూర్చుని బోర్డుల మాన్యువళ్లు ముందేసుకునేదాన్ని. మా ల్యాబ్‌లో అందరూ మెచ్చుకునే బోర్డులో నెట్‌వర్కు, యూఎస్‌బీ రెండూ ఒకే దారిలో నడుస్తాయి. డ్రైవర్ కూలితే రెండూ పోతాయి, ఎందుకు కూలిందో చెప్పే సందేశం బయటికి రాదు.

"మేడమ్, దాని బదులు మీరు సెప్పిన బోర్డు బాగా స్లో కదా," అన్నాడు ల్యాబ్ చూసే అతను.

"స్లో అయినా పర్లేదండీ. పడిపోయే ముందు ఏమైందో చెప్తుంది."

సోర్సు పూర్తిగా దొరికేదీ, మూడు వైర్లు కలిపితే చివరి సందేశాలు ల్యాప్‌టాప్‌లో చూపించేదీ అదొక్కటే. అదే తీసుకున్నాను. మొదటి వారం రోజూ కూలింది. కూలిన ప్రతిసారీ కోడులో ఏ ఫంక్షన్‌ దగ్గర ఆగిందో రాసుకుని, దాన్నే సరిచేశాను.

వేసవి సెలవుల్లో యంత్రాన్ని బోర్డుకు తగిలించి పెద్దమ్మ ఒళ్లో పెట్టాను. చుక్కలు లేచాయి. ఆమె వేళ్లు రెండుసార్లు అటూ ఇటూ కదిలాయి.

"ఇదేటి రాత? రెండో సుక్క లెగాల్సిన కాడ మూడోది లెగస్తన్నాది."

చూసుకుంటే, ఒక్కో చుక్కను లేపే బిట్ల వరస తారుమారు చేసింది నేనే. అక్కడే కూర్చుని ఒక్క లైను మార్చాను. ఆమె మళ్లీ వేళ్లు ఆనించి, ఆదివారం వాక్యం పైకి చదవడం మొదలుపెట్టింది.