ఎనుము పాలకు లేని మైల

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక పసిబిడ్డను, తల్లి దగ్గర నిండా పాలుండగా, రెండు రోజులు ఏడిపించారు. ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్లు మండుతుంది.

అప్పటికి నాకు ఎనిమిదేళ్లు. కమలాపురం పక్కన పల్లె మాది. తమ్ముడు పుట్టి అయిదు నెలలయింది. ఒక పొద్దున మా అమ్మ పశువుల కొట్టం పక్కనున్న వసారాలో చాప వేసుకుని కూర్చుంది. కాన్పు తర్వాత మొదటిసారి బయట చేరింది. మూడు రోజులు అక్కడే ఉండాలి, ఎవరినీ తాకకూడదు. అది మాకు అలవాటే. కానీ ఈసారి మా జేజి, అంటే మా నాయన తల్లి, తమ్ముణ్ణి లోపలికి ఎత్తుకుపోయింది. ముట్టు వచ్చిన తల్లి పాలు విరిగిపోతాయట, బిడ్డకు పడవట. ఎవరు చూశారని ఎవరూ అడగలేదు. మా నాయన తువ్వాలు దులుపుకుని చేనికి పోయాడు.

మా గేదె, ఎనుము అంటాం మేము, దాని పాలలో నీళ్లు కలిపి ఉగ్గుగిన్నెతో పోశారు. వాడు కక్కాడు. మళ్లీ పోశారు. రెండో రోజుకు విరేచనాలు పట్టుకున్నాయి. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. ఆ ఏడుపు వినపడినప్పుడల్లా వసారాలో అమ్మ రవిక తడిసిపోయేది. గోడవైపు తిరిగి పాలు పిండి మట్టిలో పోసేది. అమ్మ బిడ్డ దగ్గరికి రాకుండా చూడమని జేజి నన్ను గడప దగ్గర కూర్చోబెట్టింది. అమ్మ ఒకసారి లేచి నిలబడితే, "జేజీ, అమ్మ వస్తాంది" అని అరిచాను కూడా. ఆ అరుపు గుర్తొస్తే నా మీద నాకే అసహ్యం.

ఆ సాయంత్రం మంత్రసాని అవ్వ వచ్చింది. నాకూ తమ్ముడికీ బొడ్డు కోసింది ఆమే. తమ్ముడి మాడు మీద చేయి పెట్టి చూసింది. మాడు లోపలికి పోయింది. ఆమె కొట్టంవైపు తిరిగింది.

"ఎనుము కనపడదే, యాడికి పోయింది అక్కా?"

"ఎదకొచ్చి నిన్నట్నుంచి ఒకటే అరుపులు. మావోడు దున్న కాడికి తోలకపోయినాడు" అంది జేజి.

"ఈపొద్దు పాలు పిండినావా?"

"పిండకుంటే ఎట్ల? బిడ్డకు అవేగదా పోస్తాండా."

అవ్వ గొంతు లేచింది. "ఎదకొచ్చిన ఎనుము పాలు విరగలేదు, నీ మనమడికి పోస్తాండావు. కన్నతల్లి పాలకు మాత్రం మైల పట్టిందా? శానా కాన్పులు చేసినా నేను. ఈ దినాల్లో పాలు రవ్వంత తగ్గుతాయేమో గానీ, విరిగేది యాడా చూడలేదు. తల్లికి దూరం చేసి చంపుకున్నోళ్లను చూసినా. వీన్ని తల్లికిస్తావా, ఆసుపత్రికి ఎత్తకపోదామా?"

తప్పు ఒప్పుకోవడం జేజికి చేతకాదు. చివరికి, "బట్టలిప్పి ఇయ్యి. బట్ట లేని బిడ్డకు అంటు లేదు" అంది. తమ్ముడి చొక్కా విప్పింది నేనే, ఎత్తుకుపోయి అమ్మ చాప మీద పడుకోబెట్టిందీ నేనే. వాడు గుటకలు వేస్తుంటే అమ్మ ఏడ్చింది. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. ఆ రాత్రి ఆసుపత్రికి తీసుకుపోయినా, వాడు బతికింది ఆ పాలతోనే అని అవ్వ అంటుండేది.

పోయిన నెల కడపలో మా మనమరాలి ఇంటికి పోయాను. బిడ్డకు ఆరు నెలలు. లోపలి గదిలో మనమరాలు తలుపు వేసుకుని కూర్చుంది. ముట్టు మళ్లీ వచ్చిందని వాళ్ల అత్త బిడ్డను హాల్లో తన దగ్గర పెట్టుకుని సీసాతో ప్యాకెట్టు పాలు పడుతోంది. చదువుకున్న మనిషి, పిల్లలకు పాఠాలు చెప్పిన మనిషి! బిడ్డ మూతి తిప్పుకుని ఏడుస్తోంది. ఇన్నేళ్లు మా జేజి మీద, మా నాయన మీద, గడప దగ్గర కూర్చున్న నా మీద ఉన్న కోపమంతా ఒక్కసారి పైకి వచ్చింది.

"ఏమమ్మా, ఆ ప్యాకెట్టు పాలిచ్చిన ఎనుము ఆపొద్దు ఎట్లుండిందో కనుక్కున్యావా?" అన్నాను.

జవాబు కోసం నేను ఆగలేదు. బిడ్డను ఎత్తుకుని, తలుపు తోసుకుని పోయి, చొక్కా కూడా విప్పకుండానే తల్లి ఒళ్లో పెట్టాను.