బూట్లు విప్పని కొలత

రాయపూర్ పక్కనున్న సిల్తారాలో ఉదయం తెల్లగా రాదు. పొగలో వడకట్టుకుని, నల్లటి ధూళిని కాస్త వెంటేసుకుని వస్తుంది. ఆ వెలుగులో, ఒక ఇనుము ఫ్యాక్టరీ గేటు పక్కన, కొండలరావు ఇరవయ్యారేళ్ళుగా లారీలు తూస్తున్నాడు. కాటా మీదికి లారీ ఎక్కగానే డ్రైవరు, క్లీనరు దిగి పసుపుగీత అవతల నిలబడాలి. నీళ్ళ డబ్బా కూడా దించాలి. మనిషి బరువు ఇనుము బరువులో కలవకూడదంటాడు. ధర్సీవా దారిలో లారీ నడిపేవాళ్ళందరికీ ఆ మాట తెలుసు. ఆయన తూచినదాన్ని మళ్ళీ ఎవరూ తూచి చూసుకోరు.

అలాంటి మనిషికి ఒకటే లోటు, ఎత్తు. అయిదడుగుల మూడంగుళాల దగ్గర ఆగిపోయాడు. చిన్నప్పుడు రైల్వే కాలనీలో తండ్రి సైకిలు బారు కింద నుంచి కాలు దూర్చి, ఓ పక్కకి వేలాడుతూ తొక్కేవాడు. ఈడువాళ్ళంతా ఒక్కొక్కరే సీటు మీదికి ఎక్కిపోయారు. పదిహేనేళ్ళొచ్చినా ఆయన బారు కిందే ఉండిపోయాడు. కొలపాత్రల్లో బుల్లిదాని పేరు, గిద్ద, తనకి పెట్టారు. ఆ పేరుతో పాటు సైకిలునీ ఆ కాలనీలోనే వదిలేశాడు.

యాభై మూడో ఏట డాక్టరు షుగరుందని చెప్పి, ఒళ్ళు కదల్చమన్నాడు. కూతురు దివ్య ఆదివారం పొద్దున్నే ఆఫీసువాళ్ళతో కలిసి నయా రాయపూర్ ఖాళీ రోడ్ల మీద సైకిలు తొక్కుతుంది. నువ్వూ రా నాన్నా, సైకిలు నేను కొంటాను, నాగబాబన్న కొట్టులో కొలత ఇచ్చి రా చాలు, అంది.

నాగబాబు కొట్టు రాయపూర్‌లోనే, గుఢియారీలో ఉంది. వాళ్ళదీ శ్రీకాకుళం నుంచి వచ్చిన రైల్వే కుటుంబమే. కొండలరావు షిఫ్టు దిగి నేరుగా అక్కడికే వెళ్ళాడు. సైకిలు సరిపోవడమంటే చక్రం కాదు, ఫ్రేము సరిపోవడమని నాగబాబు ఓపిగ్గా చెప్పాడు. మనిషి ఎత్తుకంటే కాలి లోపలి పొడవు ముఖ్యమట. గోడకి ఆనుకుని నిలబడి, గట్టి అట్ట పుస్తకాన్ని కాళ్ళ మధ్య పైదాకా ఇరికించుకోవాలి. దాని పై అంచు నుంచి నేలదాకా టేపు పెట్టాలి. సైకిలు బారుకి అటొక కాలు, ఇటొక కాలు వేసి నిలబడితే, మనిషికీ బారుకీ మధ్య రెండు వేళ్ళ సందైనా మిగలాలి.

"బూట్లు విప్పండి బాబాయ్."

కొట్టులో ఒకావిడ మనవరాలి సైకిలుకి గాలి కొట్టించుకుంటోంది. కొండలరావు ఆమెని చూశాడు, తన బూట్లని చూసుకున్నాడు. ముందు ఇనుప తొడుగు, అడుగున అంగుళమున్నర మందం. వాటిలో ఉన్నంతసేపూ ఆయన గిద్ద కాడు. లేసులు విప్పేసరికి తెల్లారిపోద్ది, కొలిచెయ్యి, అన్నాడు నవ్వుతూ.

కొలత రెండు సైజుల మధ్య పడింది. ఇలాంటప్పుడు చిన్నదే మేలన్నాడు నాగబాబు. కొండలరావు మాత్రం పెద్దదే, పద్దెనిమిది అంగుళాల ఫ్రేమే రాయించాడు. సైకిలు వచ్చిన రోజు కూడా బూట్లతోనే దాని మీదుగా నిలబడి, సరిపోయిందన్నాడు.

ఆదివారం క్యాన్వాస్ బూట్లతో సీటెక్కాడు. రోడ్డు వెడల్పుగా, ఎవరికీ ఇంకా చెందని ఆకాశంలా ఉంది. నలభై ఏళ్ళ కిందటి బారు దాటి పైకి వచ్చేశానని నవ్వుకున్నాడు. కూడలి దగ్గర ఆవు అడ్డొచ్చింది. బ్రేకు వేసి, సీటు మీంచి దిగి, కాళ్ళు కిందికి చాచాడు. వేలికొసలు తగిలాయే గానీ మడమలు ఆనలేదు. బారు తగలరాని చోట తగిలింది. సైకిలుతో సహా పక్కకి కూలిపోయాడు.

దివ్య ఆఫీసువాళ్ళు పరుగెత్తుకొచ్చి లేపారు. వాళ్ళలో మాలతి అనే అమ్మాయి, అంకుల్‌కి ఈ ఫ్రేము చాలా పెద్దది, ఎవరిచ్చారు, అంది. దివ్య తండ్రి వైపు తిరిగింది.

"ఎవరు నాన్నా కొలిచింది?"

"నాగబాబే."

అది అబద్ధం కాదు. అందుకే అంత తేలిగ్గా నోట్లోంచి వచ్చేసింది.

తిరుగుదారిలో దివ్య కొట్టు దగ్గర ఆగి, నలుగురిలో నాగబాబుని కడిగేసింది. అమ్ముకోవడమేనా, మనుషులు అక్కర్లేదా అంది. నాగబాబు ఒక్కసారి కొండలరావు కాళ్ళకేసి చూశాడు. పలచటి క్యాన్వాస్ బూట్లు. అర్థమైపోయింది.

"నాదే తప్పు చెల్లెమ్మా. మళ్ళీ కొలవాల్సింది. మార్చేస్తాను."

కొండలరావు గోడకి వేలాడుతున్న గొలుసుల్ని చూస్తూ ఉండిపోయాడు. 

ఇంట్లో భార్య శేషమ్మ వేడి కాపడం పెడుతూ, అంత తెలిసినోడు ఇలా చేసేడేటి, అంది. ఆ మాట ఫోన్లలో తెలుగువాళ్ళ కాలనీ అంతా తిరిగింది. నాలుగు రోజులకి, ఆ కాలనీలో ఉండే భీమారావు తన పిల్లల సైకిళ్ళకి వేరే కొట్టుకి వెళ్ళాడని ఆవిడే చెప్పింది. కొండలరావు కంచం ముందు నుంచి లేచిపోయాడు.

మర్నాడు కాటా దగ్గర ఒక డ్రైవరు నీళ్ళ డబ్బా దించి, "చెప్పులు కూడా విప్పాలా సాబ్?" అని నవ్వాడు. ఎప్పుడూ అనేదే. ఎప్పుడూ తనూ నవ్వేవాడు. ఆ రోజు తలెత్తలేకపోయాడు.

సాయంత్రం దివ్యని ఏమీ చెప్పకుండా గుఢియారీకి తీసుకెళ్ళాడు. కొట్టులో ముగ్గురు నలుగురున్నారు. ఉండనీ, దివ్య కడిగేసిన రోజూ ఉన్నారు. స్టూలు మీద కూర్చుని లేసులు విప్పడం మొదలుపెట్టాడు. తొందరలో ముడి బిగిసింది.

"నాగబాబు బూట్లు విప్పమన్నాడమ్మా. నేనే విప్పలేదు. చిన్నది తీసుకోమన్నాడు. అదీ వినలేదు."

దివ్య ముఖం ఎర్రబడి, నాగబాబు వైపు తిరిగి, మళ్ళీ నేలకి వాలింది. తన సిగ్గు కూతురికీ అంటిందని కొండలరావుకి అప్పుడు తెలిసింది. అది పడినదానికంటే గట్టిగా తగిలింది.

నాగబాబు పుస్తకం అందించాడు. కొండలరావు వట్టికాళ్ళతో గోడకి ఆనుకున్నాడు. ఏళ్ళ తరబడి మేజోళ్ళలో నానిన పాలిపోయిన పాదాలు, అందరి ముందూ. దివ్య కూర్చుని టేపు కొస నేలకి నొక్కిపట్టింది. ఆయన మడమ కింద వేలు పెట్టి చూసింది. వేలు లోపలికి దూరింది.

"కిందికి దించు నాన్నా," అంది మెల్లగా.