ఓనర్ ఆంటీ కాలి మెట్టె

నర్సింగ్ రెండో ఏడాదిలో ఎవరి చెయ్యి కనిపించినా నాడి పట్టుకునే పిచ్చి ఒకటి నాకు పట్టుకుంది. మనిషిని తల నుంచి కాలివేళ్ళ దాకా వరసగా పరీక్షించి, చూసిందంతా రాసే ప్రాక్టికల్ ఆ వారంలోనే ఉంది. అమ్మా తమ్ముడూ నన్ను చూడగానే పక్క గదిలోకి జారుకుంటున్నారు. దాంతో నాచారంలో మేం అద్దెకున్న ఇంటి ఓనర్ ఆంటీ మీద పడ్డాను.

ఆవిడకు యాభై దాటాయి, షుగరుంది, కబుర్లకు అంతులేదు. ఆదివారం మధ్యాహ్నం దివాన్ మీద దర్జాగా కూర్చుని "కానియ్ బిడ్డా" అంది. తల్లో పేలున్నాయేమో వెతుకుతుంటే, "గవి మీ కాలేజీల దొరుకుతయ్, నా తలల కాదు" అంది. నోట్లోకి టార్చి వేస్తే, తెరిచిన నోటితోనే ఎదురింటి కోడలి సంగతి ఎత్తుకుంది. ఆ మాటల్లో పడి నాడి లెక్క మూడుసార్లు తప్పాను. స్టెతస్కోపు పెట్టినప్పుడు మాత్రం, "మంచిగనే కొట్టుకుంటుందా?" అని మెల్లగా అడిగింది. "మస్తుగ కొట్టుకుంటుంది" అన్నాను. కాకినాడ నుంచి వచ్చిన నా నోట ఆ మాట విని పడీపడీ నవ్వింది.

మోకాళ్ళ దాకా అయింది. పాదాల దగ్గరికి వచ్చేసరికి కుచ్చిళ్ళు లాగి కాళ్ళు ముడుచుకుంది.

"కాళ్లొద్దు బిడ్డా. సదువుకునే పిల్లవు, నా కాళ్లు ముడ్తవా? మంచిగున్నయని రాస్కో."

చూడకుండా రాయడమంటే నాకు ఒళ్ళు మండుతుంది. కాసేపు బతిమాలి, ఇక లాభం లేదని కుచ్చిళ్ళు నేనే పక్కకు జరిపాను.

ఎడమకాలి రెండో వేలు వాచిపోయి ఉంది. వెండి మెట్టె కండలోకి దిగబడి అంచు మాత్రమే కనిపిస్తోంది. వేలి కొస నల్లబడుతోంది. గోరు నొక్కి వదిలితే రంగు తిరిగి రావడానికి చాలాసేపు పట్టింది.

"నొప్పి లేదా ఆంటీ?"

"లేదు. అసలేం తెలుస్తలేదు."

నొప్పి ఉందని చెప్పి ఉంటే అంత భయపడేదాన్ని కాదు. షుగరున్నవాళ్ళ కాళ్ళకు స్పర్శ పోతే పుండు పడినా తెలియదని అప్పుడే పాఠంలో చదివాను. వెంటనే దవాఖానాకు పోదామనీ, ఆలస్యం చేస్తే వేలే తీసేయాల్సి రావచ్చనీ చెప్పాను.

"గందుకే ఎవ్వరికి సూపియ్యలే. ఆడికి పోతే మెట్టె కోస్తరు. మా ఇంటాయన బతికుండంగ మెట్టె తీస్తరా? ఆయనకేమన్న అయితే? వేలు పోతే పోనియ్."

"వేలు పోతే మెట్టె దేనికి పెట్టుకుంటారు?" అని అరిచాను. ఓనర్ ఆంటీ మీద అరవడం అదే మొదటిసారి.

ఆ అరుపుకి లోపల నిద్రపోతున్న అంకుల్ లేచి వచ్చాడు. ఫ్యాక్టరీలో ఫిట్టరు, ఆదివారం తప్ప పగటి నిద్ర ఎరగని మనిషి. ఆవిడ మెట్టె తీయనివ్వనంటున్న సంగతి ఆయనకు చెప్పాను. వంగి వేలు చూడగానే ఆయన ముఖంలో నిద్ర మత్తంతా దిగిపోయింది.

"ఏందే, నేను బతికున్న అని నీకు మెట్టె సెప్పాల్నా? నేనీడ నిలబడ్డ కదా!" అని, ఆటో కోసం బయటికి పరుగెత్తాడు.

ముగ్గురం ఉప్పల్‌లో దవాఖానాకు చేరాం. మెట్టె ఇప్పుడు తీసేస్తే వేలు దక్కుతుందని డాక్టరు చెప్పాక కూడా ఆవిడ ముఖం తేటపడలేదు.

నర్సమ్మ చిన్న కట్టరుతో మెట్టె కోస్తున్నంతసేపూ ఆంటీ కాలివైపు చూడనేలేదు. ఎదురుగా నిలబడ్డ అంకుల్ ఛాతీ వైపే రెప్ప వేయకుండా చూస్తోంది. దేనికోసం చూస్తోందో నాకు కాసేపటికి గానీ తెలియలేదు. ఆయన ఊపిరి ఆడుతోందో లేదో అని.

టక్కుమని మెట్టె తెగింది. ఆంటీ ఉలిక్కిపడింది.

"ఉన్నవా?" అంది.

"ఉన్ననే. నిన్నిడిశి యాడికి పోత?" అని అంకుల్ ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.